నేల విడిచి సాము: ‘యాంటీ గ్రావిటీ’ పేరుతో అమ్ముతున్న నాలుగు రకాల తేలుడు కిట్ల సమీక్ష

ముందు కాటా సంగతి చెప్పుకుందాం. గాలిలో తేలే కుండీ, దీపం, భూగోళం, ఏది కొన్నా మొదట చేయాల్సింది దాన్ని వంటింటి డిజిటల్ కాటా మీద పెట్టడం. కింది పీట 640 గ్రాములు, పైన తేలే బిళ్ళ 92 గ్రాములు ఉన్నాయనుకోండి. స్విచ్చి వేయకుండా రెండింటినీ కలిపి తూస్తే 732 వస్తుంది. స్విచ్చి వేసి, బిళ్ళను గాలిలో నిలబెట్టి తూసినా అదే 732. పీట బిళ్ళను ఎంత బలంగా పైకి నెడుతుందో, బిళ్ళ పీటను అంతే బలంగా కిందికి నొక్కుతుంది. గాలిలో ఉన్న 92 గ్రాములూ పీట నెత్తినే పడి కాటా దాకా వస్తాయి. పెట్టె మీద ‘యాంటీ గ్రావిటీ’ అని ఎంత పెద్ద అక్షరాలు అచ్చేసినా ఈ అంకె మారదు.

తూకం సరిగ్గా రావాలంటే కొంచెం జాగ్రత్త పడాలి. కాటా అడుగున ఇనుప రేకులు, మరలు ఉంటాయి. పీటలోని అయస్కాంతం వాటిని లాగి లేని బరువును చూపిస్తుంది. పీటకూ కాటాకూ మధ్య కనీసం 15 సెంటీమీటర్ల మందం థర్మోకోల్ దిమ్మ పెట్టి, ఆ తర్వాతే సున్నా చేసుకోవాలి. అడాప్టర్ వైరు బిర్రుగా ఉంటే రెండు మూడు గ్రాములు దానికదే ఎత్తేస్తుంది, అందుకని వదులుగా ఒక చుట్టు చుట్టి వేలాడనివ్వాలి. బిళ్ళ ఊగుతున్నంతసేపూ అంకె కూడా ఊగుతుంది. పది సెకన్లు ఆగి చూడాలి.

పెట్టె మీది ఆ ఒక్క మాట తీసేస్తే, లోపలి సరుకు చాలావరకు మంచిదే. అసలు అయస్కాంతాలతో ఒక వస్తువును గాలిలో నిలబెట్టడమే ఎంత కష్టమో తెలిస్తే, ఏ కిట్‌కు ఎంత ఇవ్వొచ్చో దానంతటదే తెలుస్తుంది. 1842లో ఎర్న్‌షా అనే ఇంగ్లండు గణితవేత్త ఒక సంగతి నిరూపించాడు. కదలకుండా ఉన్న అయస్కాంతాలను ఎన్నింటిని ఎలా పేర్చినా, వాటి బలంతో మరో అయస్కాంతాన్ని గాలిలో నిలకడగా ఉంచడం కుదరదు. పైకీ కిందికీ కుదిరితే పక్కకు జారుతుంది, పక్కకు కుదిరితే పైకో కిందికో పోతుంది. కత్తి మొన మీద గోళీ పెట్టినట్టే. బజారులో దొరికే నాలుగు రకాల కిట్లూ ఈ అడ్డుగోడను నాలుగు దారుల్లో దాటుతాయి: ఎలక్ట్రానిక్స్, గిరగిర తిరగడం, గ్రాఫైట్, అతివాహకం (బాగా చల్లబరిస్తే కరెంటును ఏ అడ్డూ లేకుండా పోనిచ్చే పదార్థం). ధరలు నెలకో తీరుగా మారుతున్నాయి కాబట్టి అంకెలు వేయడం లేదు. గ్రాఫైట్ అన్నిటికన్నా చవక, అతివాహకం కిట్ అన్నిటికన్నా ఖరీదు.

కాయిళ్ళ పీట

ఎక్కువ మంది కొనేది ఇదే. కుండీలు, దీపాలు, స్పీకర్లు, అన్నింటి అడుగునా ఇదే మోడ్యూల్ ఉంటుంది. పీట లోపల చుట్టూ శాశ్వత అయస్కాంతాల వలయం, దాని మధ్యలో నాలుగు రాగి కాయిళ్ళు, వాటి నడుమ అయస్కాంత క్షేత్రాన్ని పసిగట్టే హాల్ సెన్సర్లు. బిళ్ళ బరువు మోసేది వలయం. కాయిళ్ళు మోయవు, పక్కకు జారబోతున్న బిళ్ళను మళ్ళీ మధ్యలోకి తోయడమే వాటి పని. ఎదురెదురు కాయిళ్ళు జంటగా పనిచేస్తాయి, ఒకటి లాగితే ఇంకొకటి తోస్తుంది. బిళ్ళ ఎటు జరిగిందో సెన్సర్లు చెప్తాయి, ఎంత వేగంగా జరుగుతోందో సర్క్యూట్ లెక్కగడుతుంది, ఆ రెండింటినీ బట్టి కాయిల్‌కు కరెంటు వెళ్తుంది. జరిగిన దూరాన్ని మాత్రమే చూసి, వేగాన్ని పట్టించుకోని సర్క్యూట్ అయితే బిళ్ళ ఊయల ఊగినట్టు ఊగి, ఊపు పెరిగి పడిపోతుంది. నాసిరకం బోర్డుల్లో జరిగేది సరిగ్గా ఇదే.

దాన్ని నిలబెట్టడంలోనే సగం మంది ఓడిపోయి, సరుకు పాడైందని వెనక్కి పంపేస్తారు. చాలాసార్లు సరుకులో తప్పుండదు. ముందు బల్ల సమంగా ఉందో లేదో మేస్త్రీలు వాడే రసమట్టంతో చూడండి. ఇనుప బీరువా మీద, ఇనుప చట్రం ఉన్న గాజుబల్ల మీద వద్దు. చెక్క బల్ల మంచిది. ప్లగ్గు పెట్టాక బిళ్ళను రెండు చేతులా అడ్డంగా పట్టుకుని, పీట నడిబొడ్డుకు సూటిగా పైన పది సెంటీమీటర్ల ఎత్తులో మొదలుపెట్టి నిట్టనిలువుగా దించాలి. మోచేతులు బల్లకు ఆనించుకోండి. నాలుగైదు సెంటీమీటర్ల దగ్గర కిందినుంచి మెత్తటి పరుపు మీద ఆనినట్టు తోపుడు తెలుస్తుంది. ఇంకొంచెం దించితే బిళ్ళ ఏదో ఒక పక్కకు లాగుతుంది. అది లాగే వైపుకు వ్యతిరేకంగా పిసరంత జరుపుతూ పోతే, ఒకచోట పక్క లాగుడు పూర్తిగా పోతుంది, అంతవరకు జుయ్‌మన్న కాయిళ్ళు నిశ్శబ్దమవుతాయి. అదే చోటు. అక్కడ వేళ్ళను ఒక్కసారిగా తీసేయకుండా, రెండు వైపులా సమానంగా వదులు చేయాలి. కొన్ని కిట్లతో చిన్న ప్లాస్టిక్ దిమ్మ ఇస్తారు. బిళ్ళను దాని మీద పెట్టి, మధ్యకు జరిపి, శబ్దం ఆగాక దిమ్మ లాగేయడానికి. ఇస్తే పారేయకండి.

చేయకూడనిది పక్కనుంచి జరుపుకుంటూ తీసుకురావడం. వలయం అంచు దగ్గర బిళ్ళ తిరగబడి, టక్కున అతుక్కుంటుంది. బిళ్ళలో ఉండే నియోడిమియం అయస్కాంతం (చిన్న సైజులోనే చాలా బలముండే రకం) రాయిలాంటిది, పెళుసు. నాలుగైదు సార్లు అలా కొట్టుకుంటే పైపూత పగిలి అంచు రాలుతుంది, ఆ మీదట తుప్పు పడుతుంది. మధ్యలో వేలు ఇరుక్కుంటే చర్మం చీరుకుపోతుంది. కొన్నరోజే బిళ్ళ పైవైపున మార్కర్‌తో ఒక చుక్క పెట్టుకోవడం మంచిది, తిరగేసి పెడితే తేలడం మాట అటుంచి గుద్దుకుంటుంది.

పెట్టె మీద ‘500 గ్రాములు’ అని ఉంటుంది. అది బిళ్ళ బరువు కలిపా, కలపకుండానా అని అమ్మేవాణ్ణి అడగాలి. బరువు పెరిగేకొద్దీ ఎత్తు తగ్గుతుందన్నది ఇంకో సంగతి. ఖాళీ బిళ్ళ రెండు సెంటీమీటర్ల పైన తేలుతుంటే, చెప్పిన బరువంతా వేశాక ఒక సెంటీమీటరు దగ్గరికి దిగుతుంది. ప్రకటన ఫోటోలో కనిపించే ఎత్తు ఖాళీ బిళ్ళదే. చెప్పిన బరువులో మూడింట రెండు వంతులకు మించి వేయకుండా ఉంటే ఎత్తుకు ఎత్తూ, నిలకడకు నిలకడా దక్కుతాయి.

బరువు ఎంతన్నదానికన్నా ఎక్కడ ఉందన్నది ముఖ్యం. పొట్టిగా వెడల్పుగా ఉన్న వస్తువు హాయిగా నిలుస్తుంది. సన్నగా పొడవుగా ఉన్నది తల ఊపుతుంది, ఆ ఊపును సెన్సర్లు జారడంగా పొరబడి కాయిళ్ళను తప్పు వైపు తోయిస్తాయి. కుండీల గొడవ కూడా ఇదే. మట్టి ఒకవైపు ఎక్కువైతే కుండీ వాలుతుంది; ఒక చిన్న గ్లాసు నీళ్ళు పోస్తే వంద గ్రాములు ఒక్కసారి పెరుగుతాయి. నీళ్ళు పోసేటప్పుడు దింపి పోసి, కారడం ఆగాక మళ్ళీ నిలబెట్టాలి. ఒక్క చుక్క కాయిళ్ళ బోర్డు మీద పడితే దాని పని అయిపోయినట్టే. గాలిలోని తేమతో బతికే, మట్టి అక్కర్లేని మొక్కలను అమ్మేవాళ్ళు చూపించడానికి కారణం ఇదే.

దేవుడి బొమ్మ పెట్టాలనుకునేవాళ్ళకు ఒక మాట. తేలే బిళ్ళను నిట్టనిలువు ఇరుసు చుట్టూ పట్టి ఉంచే బలం ఏదీ లేదు. ఫ్యాను గాలికి మెల్లగా తిరుగుతూనే ఉంటుంది. పొద్దున మీ వైపు చూస్తున్న వినాయకుడు మధ్యాహ్నానికి గోడకేసి తిరిగి కూర్చుంటాడు. ఎటు చూసినా ఒకేలా ఉండే వస్తువు పెట్టుకోండి. ఇత్తడి, కంచు, చెక్క, మట్టి, ఏవైనా పర్వాలేదు. ఇనుము ఉన్నది వద్దు. స్టీలు సామాను అయితే ముందు చిన్న అయస్కాంతం తగిలించి చూడండి, అంటుకుంటే పనికిరాదు.

ఇక కరెంటు. బిళ్ళ మధ్యలో కుదురుగా ఉంటే మంచి మోడ్యూల్ 12 వోల్టుల దగ్గర 0.3 ఆంపియర్ల లోపే తీసుకుంటుంది. అంటే 3.6 వాట్లు, రోజంతా పెడితే 86 వాట్-అవర్లు, పన్నెండు రోజులకు ఒక యూనిట్. భయపడాల్సిన బిల్లు కాదు. కానీ పీట వాలుగా ఉన్నా, బరువు ఒక పక్కకు ఉన్నా కాయిళ్ళు తెరిపి లేకుండా ఒకవైపే తోస్తుండాలి, అప్పుడు ఆంపియరు దాటుతుంది, పీట చేయి పెట్టలేనంత వేడెక్కుతుంది. నియోడిమియంలో మామూలు రకం 80 డిగ్రీల సెల్సియస్ దాటితే కొంత బలాన్ని శాశ్వతంగా పోగొట్టుకుంటుంది. పీట వేడెక్కుతోందంటే ముందు మట్టం చూడండి, తర్వాత బరువును సర్దండి, అప్పటికీ తగ్గకపోతేనే బోర్డు మీది నీలం రంగు ట్రిమ్మర్లను (సర్దుబాటు మరలను) ముట్టుకోండి. అదీ ఒక్కోదాన్ని ఎనిమిదో వంతు చుట్టు మాత్రమే, ముందున్న చోటును గుర్తుపెట్టుకుని.

కరెంటు పోయిందా, బిళ్ళ పడుతుంది. గాలిలో దీపం పెట్టి ‘దేవుడా నీ మహిమ’ అన్న సామెత ఈ తేలే దీపాలకు అక్షరాలా సరిపోతుంది. ఇంట్లో ఇన్వర్టర్ ఉంటే దాన్ని యూపీఎస్ మోడ్‌లో పెట్టండి. మామూలు మోడ్‌లో అది అందుకునే లోపల అడాప్టర్‌లో మిగిలిన కరెంటు అయిపోవచ్చు. ఇంతకన్నా తేలికైన దారి వైఫై రౌటర్లకు వాడే 12 వోల్టుల చిన్న యూపీఎస్. మోడ్యూల్ అడాప్టర్ 2 ఆంపియర్లదైతే ఇదీ అంతే ఇవ్వగలగాలి. అంతకన్నా తక్కువదైతే నిలబెట్టేటప్పుడు, అంటే కాయిళ్ళు ఎక్కువ లాగే ఆ రెండు సెకన్లలో, వోల్టేజి కుంగి బిళ్ళ జారిపోతుంది.

పైనుంచి వేలాడే భూగోళం రకం వేరు. అక్కడ పైనున్న కాయిల్ లాగుతుంది, పక్కకు నిలకడ దానంతటదే వస్తుంది, సర్క్యూట్ పైకీ కిందికీ మాత్రమే చూసుకుంటే చాలు. అందుకే నిలబెట్టడం సులువు, చవక బోర్డు కూడా నెట్టుకొస్తుంది. పిల్లల గదికి ఇదే మేలు. మోయగలిగే బరువు తక్కువ, చట్రం అడ్డంగా కనిపిస్తుంది.

కరపత్రంలో ఉండే సిద్ధాంతం

ఈ కిట్లతో వచ్చే కరపత్రాల్లో, అమ్మకం వీడియోల్లో ఒక సిద్ధాంతం తరచూ కనిపిస్తుంది: బలమైన అయస్కాంత క్షేత్రం, ముఖ్యంగా తిరిగే క్షేత్రం, గురుత్వాకర్షణను ‘రద్దు’ చేస్తుందని. లెక్క వేసి చూద్దాం. ఐన్‌స్టీన్ సాపేక్షత ప్రకారం శక్తి ఏ రూపంలో ఉన్నా దానికి బరువుంటుంది. అయస్కాంత క్షేత్రం కూడా శక్తే. 1 టెస్లా (అయస్కాంత క్షేత్రం బలానికి కొలమానం) క్షేత్రం నిండిన ఒక ఘనమీటరులో దాదాపు 4 లక్షల జౌళ్ళు ఉంటాయి. దాన్ని కాంతివేగం వర్గంతో భాగిస్తే 4.4 నానోగ్రాములు. అంటే క్షేత్రం బరువును తగ్గించకపోగా, తన వంతు పిసరంత కలుపుతుంది. ఏ కాటాకూ అందనంత పిసరు, అది వేరే సంగతి.

పేటెంటు ఉందిగా అని వాదిస్తారు కొందరు. ఉంది. హెన్రీ వాలెస్ అనే అమెరికన్ ఇంజనీరుకు 1971లో, కొన్ని లోహాల చక్రాలను వేగంగా తిప్పితే గురుత్వాన్ని పోలిన కొత్త క్షేత్రం పుడుతుందన్న యంత్రానికి పేటెంటు వచ్చింది. ఆలోచన కొత్తదా కాదా అన్నది పేటెంటు కార్యాలయం చూస్తుంది. యంత్రం చేయించి కాటా మీద పెట్టి తూచదు. కరపత్రంలో పేటెంటు నంబరు ఉన్నంతమాత్రాన ఒక్క రూపాయి ఎక్కువ ఇవ్వనక్కర్లేదు.

తిరిగే బొంగరం

దీన్ని లెవిట్రాన్ అంటారు. రాయ్ హారిగన్ అనే అమెరికన్‌కు 1983లో దీని మీద పేటెంటు వచ్చింది. వాలెస్ యంత్రానికీ దీనికీ తేడా, ఇది నిజంగా పనిచేస్తుంది. వైర్లు, సెన్సర్లు ఏమీ లేవు. చదునైన ఫెర్రైట్ (పింగాణీ లాంటి నల్లటి రకం) అయస్కాంతం పీట, దాని మీద ఇరవై గ్రాముల అయస్కాంతపు బొంగరం, మధ్యలో ఎత్తడానికి ఒక ప్లాస్టిక్ పళ్ళెం, చిన్నాపెద్దా వాషర్లు. బొంగరం మూడు సెంటీమీటర్ల ఎత్తున, గాలి రాపిడికి వేగం తగ్గేదాకా, రెండు నిమిషాల పాటు తేలుతుంది. నాలుగింటిలో అందమైనది ఇదే, ఓపికను పరీక్షించేదీ ఇదే.

కరపత్రంలో ‘తిరగడం వల్ల తిరగబడదు’ అని రాసి వదిలేస్తారు. అది సగం నిజం. బొంగరం ఇరుసు ఎప్పుడూ నిట్టనిలువుగానే ఉండిపోతే ఎర్న్‌షా అడ్డం వచ్చి పక్కకు జారిపోయేది. తిరుగుతున్న బొంగరం ఎక్కడికి జరిగితే అక్కడి క్షేత్రం దిశకు తగ్గట్టు తన ఇరుసును వాల్చుకుంటూ, దాని చుట్టూ తల తిప్పుకుంటూ ఉంటుంది. అప్పుడు దానికి లెక్కలోకి వచ్చేది క్షేత్రం దిశ కాదు, బలం మాత్రమే. ఆ బలానికి గాలి మధ్యలో ఒక చిన్న గుంట ఉండే వీలుంది, బొంగరం అందులో కూర్చుంటుంది. 1996లో బ్రిటిష్ భౌతికవేత్త మైకేల్ బెర్రీ దీన్ని లెక్కలతో సహా వివరించాడు. దీనివల్ల తేలేది ఏమిటంటే, నెమ్మదిగా తిరిగితే బొంగరం బోల్తాపడుతుంది, మరీ వేగంగా తిరిగినా ఇరుసు దిశ మార్చుకోలేక జారిపోతుంది. సెకనుకు సుమారు ఇరవై నుంచి ముప్పై అయిదు చుట్లు, ఆ మధ్యలోనే ఉండాలి. డ్రిల్లు మిషనుతో తిప్పితే ఇంకా సేపు తేలుతుందనుకోవడం పొరపాటు.

అసలు తలనొప్పి బరువు. నూటికి ఒక పాలు అటూ ఇటూ అయినా చాలు, తేలదు. పళ్ళెం పైకి లేపగానే బొంగరం ఎగిరి పక్కకు దూకితే బరువు తక్కువ, వాషరు వేయాలి. పళ్ళెం దించితే దాంతోపాటే దిగిపోతే బరువు ఎక్కువ, తీయాలి. అతి చిన్న వాషరు 0.1 గ్రాము, దానితో కూడా ఫలితం మారిపోతుంది. ప్రతిసారీ ఒకే వైపుకు జారుతుంటే బరువు జోలికి పోకుండా, జారుతున్న వైపు పీట కాలును కాస్త ఎత్తండి.

ఇంతా చేసి ఉదయం కుదిరింది మధ్యాహ్నం కుదరదు. ఫెర్రైట్ బలం డిగ్రీకి 0.2 శాతం తగ్గుతుంది. పీటా బొంగరమూ రెండూ ఫెర్రైటే కాబట్టి తోపుడు డిగ్రీకి 0.4 శాతం తగ్గినట్టు. గది మూడు డిగ్రీలు వేడెక్కితే ఒక శాతం దాటింది, బొంగరం నుంచి రెండు చిన్న వాషర్లు తీయాల్సిందే. మే నెలలో విజయవాడలోనో రామగుండంలోనో ఏసీ లేని గదిలో దీనితో ఆడాలనుకునేవాళ్ళు తెల్లారుజామున మొదలుపెట్టడం మంచిది. వెంటనే ఫలితం కావాలనేవాళ్ళు దీన్ని కొనొద్దు.

గ్రాఫైట్ రేకు

డబ్బుకు తగిన విలువ కావాలంటే మా ఓటు దీనికే. నాలుగు నియోడిమియం ఘనాలు, ఒక్కోటి 10 నుంచి 12 మిల్లీమీటర్లు, చదరంగం గడుల్లా పక్కపక్కన ఉత్తరం దక్షిణం మార్చి పెట్టినవి. వాటి మీద పైరోలైటిక్ గ్రాఫైట్ (ఫ్యాక్టరీలో పొరలు పొరలుగా పేరేలా చేసిన గ్రాఫైట్) రేకు. అంతే కిట్. కరెంటు లేదు, తిప్పడం లేదు, సర్దడం లేదు. రేకును మీద వదిలితే తేలుతుంది, పదేళ్ళ తర్వాత చూసినా తేలుతూనే ఉంటుంది.

గ్రాఫైట్ డయామాగ్నెటిక్ పదార్థం, అంటే అయస్కాంతం ఏ వైపు చూపినా దూరంగా జరుగుతుంది. ఎర్న్‌షా గోడ ఇలాంటి పదార్థాలకు అడ్డురాదు. 1939లోనే జర్మనీలో బ్రౌన్‌బెక్ గ్రాఫైట్ ముక్కలను, బిస్మత్ ముక్కలను ఇలా తేల్చాడు. నీటికీ ఈ గుణం ఉంది కానీ పైరోలైటిక్ గ్రాఫైట్‌తో పోలిస్తే యాభయ్యో వంతే. అందుకే నీటితో నిండిన కప్పను తేల్చడానికి 1997లో నెదర్లాండ్స్‌లోని నైమెగెన్‌లో ఆంద్రే గైమ్ బృందానికి 16 టెస్లాల భారీ అయస్కాంతం కావాల్సి వచ్చింది. కరపత్రాలన్నీ వాడుకునే ఆ కప్ప ఫోటోలో కూడా కప్ప బరువు మొత్తం అయస్కాంతం మీదే ఉంది.

కొనేటప్పుడు మందం అడగండి. అర మిల్లీమీటరు చాలు. మందం పెరిగితే ఎత్తు తగ్గుతుంది, ఎందుకంటే పైపొర క్షేత్రానికి దూరమై ఏమీ మోయకుండా బరువు మాత్రం కలుపుతుంది. రేకు సైజు నాలుగు ఘనాల మీద కూర్చోగలిగేంత ఉండాలి, వాటికన్నా పెద్దదైతే జారుతుంది. ఎంత ఎత్తున తేలుతుందో తెలుసుకోవడానికి స్కేలు పనికిరాదు; మామూలు ప్రింటరు కాగితాన్ని సన్నటి పట్టీలుగా కత్తిరించి రేకు కింద ఒక్కొక్కటే దూర్చండి. ఒక్కో కాగితం మందం సుమారు 0.1 మిల్లీమీటరు. రేకును తాకకుండా ఆరేడు పట్టీలు దూరితే మంచి సరుకు. రెండు మూడింటితోనే తాకితే రేకు మందమైనా అయి ఉండాలి, అయస్కాంతాలైనా నాసివి అయి ఉండాలి. పెన్సిల్ గ్రాఫైట్ రాసిన అట్టముక్కను అంటగట్టినవాళ్ళది అయితే అసలు లేవదు.

రేకు పొరలు పొరలుగా ఉంటుంది. గోటితో ఎత్తితే అంచు విడిపోతుంది, ప్లాస్టిక్ పట్టకారు వాడండి. స్టీలు పట్టకారును అయస్కాంతాలు లాగేసుకుంటాయి, రేకు మధ్యలో చితికిపోతుంది. దీని లోపం ఒక్కటే, బరువు మోయదు. తన బరువు, ఆపైన కొన్ని మిల్లీగ్రాములు, అంతే. అగ్గిపుల్ల ముక్క పెడితే కూర్చుండిపోతుంది.

అతివాహకం కిట్

వైబీసీఓ బిళ్ళ, అంటే యిట్రియం, బేరియం, రాగి, ఆక్సిజన్ కలిసిన నల్లటి పింగాణీ లాంటిది. ఒక అంగుళం వెడల్పు బిళ్ళ, ఒక నియోడిమియం అయస్కాంతం, థర్మోకోల్ గిన్నె. మైనస్ 181 డిగ్రీల కింద ఇది అతివాహకం అవుతుంది. ద్రవ నైట్రోజన్ మైనస్ 196 దగ్గర మరుగుతుంది కాబట్టి పదిహేను డిగ్రీల వెసులుబాటు ఉంది. కళాశాల ల్యాబులకు తప్ప ఇంటికి వద్దు. ద్రవ నైట్రోజన్ ఒక లీటరు ఆవిరైతే దాదాపు 700 లీటర్ల వాయువు అవుతుంది. మూత బిగిస్తే పేలుతుంది, మూసిన గదిలో ఊపిరాడదు. కళ్ళద్దాలు, వదులు చేతితొడుగులు తప్పనిసరి. ఊళ్ళలో గోపాలమిత్రలు మోసుకెళ్ళే క్యాన్లలో ఉండేది ఇదే నైట్రోజన్, కానీ అది పశువుల వీర్యం నిల్వకు ఉద్దేశించింది. ల్యాబుకు కావాలంటే పారిశ్రామిక వాయువులు అమ్మేవాళ్ళ దగ్గర, దాని కోసమే చేసిన క్యాన్‌లో తెచ్చుకోవాలి.

బిళ్ళను ఒక్కసారిగా ముంచితే బీట్లు వారుతుంది. ముందు ఆవిరిలో నిమిషం ఉంచి, తర్వాత ముంచి, బుడబుడలు తగ్గేదాకా ఆగాలి. అయస్కాంతాన్ని దూరంగా ఉంచి చల్లబరిచి, తర్వాత తెస్తే అది బిళ్ళ మీద తేలుతుంది. బిళ్ళకూ అయస్కాంతానికీ మధ్య అయిదు మిల్లీమీటర్ల అట్టముక్క పెట్టి కలిపే చల్లబరిస్తే ఫలితం ఇంకా బాగుంటుంది: క్షేత్ర రేఖలు బిళ్ళలో చిక్కుకుపోయి అయస్కాంతం ఆ ఎత్తునే మేకు కొట్టినట్టు ఉండిపోతుంది, బిళ్ళను పైకెత్తి తిరగేస్తే కింద వేలాడుతుంది. పని అయ్యాక తేమే శత్రువు. హెయిర్ డ్రయ్యర్‌తో పొడిగా ఆరబెట్టి, సిలికా జెల్ పొట్లంతో డబ్బాలో పెట్టకపోతే నాలుగు నెలల్లో బిళ్ళ మీద తెల్లటి పొడి పడుతుంది, ఆ తర్వాత చల్లబరిచినా తేల్చదు.

గురుత్వాన్ని జయించామన్న వాదనల్లో పేరున్నది పుట్టింది ఈ పదార్థం దగ్గరే. ఫిన్లండ్‌లోని టాంపెరేలో పనిచేసిన యెవ్గెనీ పోద్‌క్లెత్నోవ్ 1992లో, అయస్కాంతాల మీద తేలుతున్న వైబీసీఓ చక్రానికి పైన వేలాడదీసిన వస్తువుల బరువు తగ్గిందని పత్రం ప్రచురించాడు. చక్రం తిరగకున్నా 0.05 శాతం, తిరిగితే ఇంకొంచెం. తర్వాతి పత్రంలో అది 2 శాతం దాకా పెరిగింది, అయితే 1996లో ప్రచురణకు ముందే ఆ పత్రాన్ని వెనక్కి తీసుకున్నారు. 1997లో నాసా బృందం, తిరగని బిళ్ళతో, గురుత్వాన్ని కొలిచే సున్నితమైన పరికరం, గ్రావిమీటరు, పెట్టి కొలిచింది. మార్పు ఏదైనా ఉంటే అది పది కోట్లలో రెండు వంతుల కన్నా తక్కువేనని తేలింది. 2003లో కెనడాలో హాథవే బృందం తిరిగే చక్రంతోనూ చేసి చూసింది. ఏమీ రాలేదు.

2 శాతం అంటే చిన్నది కాదు. అరకిలో వస్తువుకు పది గ్రాములు, ఉల్లిపాయలు తూచే కాటాకే దొరికిపోతుంది. 0.05 శాతమైతే అదే అరకిలోకు పావు గ్రాము, బంగారం కొట్లో వాడే 0.01 గ్రాము కాటా చాలు. అంత చిన్న తేడా తప్పుగా రావడానికి కారణాలకు కొదవ లేదు: చల్లటి ఆవిరి గాలిని కదిలిస్తుంది, గాలి సాంద్రత మారితే వస్తువును ఎత్తే గాలి బలమూ మారుతుంది, అయస్కాంతం కాటా మరలను లాగుతుంది, పైన వేలాడే వస్తువు మీద మంచు పేరుకుంటుంది.

ల్యాబులో అతివాహకంతో ఈ తూకం పరీక్ష చేయదలిస్తే ఒక్క ఉచ్చు గురించి చెప్పాలి. ద్రవ నైట్రోజన్ ఉన్న గిన్నె కాటా మీద ఊరికే కూర్చున్నా బరువు తగ్గుతూనే ఉంటుంది. గిన్నెలోకి 10 వాట్ల వేడి చేరుతుంటే నిమిషానికి మూడు గ్రాముల నైట్రోజన్ ఆవిరైపోతుంది. బిళ్ళ తేలిన క్షణంలో కాటా చూసి ‘బరువు తగ్గింది’ అని కేక వేసేవాళ్ళు చూసేది దీన్నే. అందుకని ముందు బిళ్ళ, అయస్కాంతం లేకుండా గిన్నెను అయిదు నిమిషాలు పెట్టి, పది సెకన్లకోసారి అంకె రాసుకుని గ్రాఫు కాగితం మీద గీయాలి. తర్వాత చల్లబడిన బిళ్ళను గిన్నెలో పెట్టి, అయస్కాంతాన్ని కూడా ఆ కాటా మీదే ఒక మూల ఉంచి మళ్ళీ గీయాలి. ఇప్పుడు అయస్కాంతాన్ని ప్లాస్టిక్ పట్టకారుతో తీసి బిళ్ళ మీద తేల్చండి. చేయి పెట్టిన ఆ నాలుగైదు సెకన్లు గీత గజిబిజిగా ఉంటుంది. చేయి తీశాక, అంతకుముందు ఏ వాలున దిగుతోందో అదే వాలు మీదికి వచ్చి, అదే నిమిషానికి మూడు గ్రాములతో దిగుతూ పోతుంది.